మైలాటానా, డిల్లార్డా?

2021 వేసవిలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఫిలడెల్ఫియా ఈగిల్స్ శిక్షణ శిబిరంలో లెఫ్ట్ టాకిల్ చోటు ఒక్కటే, పోటీలో ఇద్దరు. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపే ఆటగాడు, బంతి విసరబోతుంటే తన ఎడమవైపు నుంచి, వీపు వెనక ఎవరు దూసుకొస్తున్నారో అతనికి కనబడదు. అక్కడ కాపలా ఈ టాకిల్‌దే.

ఆండ్రే డిల్లార్డ్ 2019 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, మొదటి రౌండ్, 22వ ఎంపిక. అడుగులు చాలా చురుకు. కానీ బలంగా మీదికి తోసుకొచ్చేవాళ్ల ముందు తడబడేవాడు. పైగా గాయంతో 2020 సీజన్ అంతా పోయింది.

జోర్డాన్ మైలాటా ఆస్ట్రేలియా రగ్బీ కుర్రాడు. 2018 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్, 233వ ఎంపిక. అంతకుముందు ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడలేదు! ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి, కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ దగ్గర ఓనమాలు దిద్దాడు. వెనక్కి జరుగుతూ అడుగెలా వేయాలి, ఎదుటివాడి ఛాతీ మీద చేతులు ఏ క్షణంలో మోపాలి, అన్నీ మొదటినుంచీ నేర్చుకున్నాడు. చెయ్యి అర సెకను ముందు చాపితే ఎదుటివాడు దాన్ని పక్కకు కొట్టి వెళ్లిపోతాడు. రెండు సీజన్లు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే గడిచాయి. 2020లో 10 మ్యాచ్‌లు మొదటినుంచీ ఆడాడు.

నా ఓటు మైలాటాకే. డిల్లార్డ్‌కు పునాది ముందే ఉంది, నిజమే. కానీ ఏటేటా ఎదుగుదల కళ్లకు కట్టినట్టు కనిపించింది మాత్రం మైలాటాలోనే. జట్టూ అతన్నే ఎంచుకుంది, అదే సెప్టెంబర్‌లో నాలుగేళ్ల కొత్త ఒప్పందం ఇచ్చింది.