వాడుక హిందీ నేర్చుకోదలచిన ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి ఏది మేలు: యాప్, ట్యూటర్, కొండ మీది బడి?

అమెరికా దౌత్యోద్యోగులకు భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ హిందీకి 44 వారాలు, అంటే దాదాపు 1,100 గంటల తరగతులు కేటాయిస్తుంది. ఈ అంకె చూసి బెదిరిపోనవసరం లేదు, ఎందుకంటే అది కార్యాలయ బాధ్యతలను హిందీలో నిర్వహించగలిగే స్థాయికి వేసిన లెక్క. కూరగాయలు బేరమాడడానికి, ఆటో మాట్లాడుకోవడానికి, నీళ్లు రావడం లేదని ఇంటి యజమానికి చెప్పుకోవడానికి అందులో చిన్న భాగం సరిపోతుంది. ఆ చిన్న భాగాన్ని ఏ దారిలో సంపాదించాలన్నదే ప్రశ్న.

మొదటి దారి యాప్. డుయోలింగో 2018లో ఇంగ్లీషు తెలిసినవారి కోసం హిందీ పాఠాలు ప్రారంభించింది. డబ్బు ఖర్చు లేకుండా, రోజుకు కొద్ది నిమిషాలు కేటాయించి దేవనాగరి అక్షరాలు పట్టుకోవడానికి ఇటువంటి యాప్‌లు చక్కగా పనికివస్తాయి. మాట్లాడడమే కావలసినవారికి లిపి ఎందుకని కొందరు వాదిస్తారు గాని, రోమన్ అక్షరాలలో రాసిన హిందీలో త, ట రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి కనుక, కంటికి కనబడని భేదం నోటికి వస్తుందని ఆశించలేము. కాబట్టి లిపి మొదటి నెలలోనే పూర్తి కావాలి, దానికి యాప్ చాలు.

అయితే యాప్ ఆగిపోయే చోటే అసలు కష్టం మొదలవుతుంది. ఇంగ్లీషులో పదం మొదట వచ్చే క, ట, ప ధ్వనులను సహజంగానే గాలి వదులుతూ ఒత్తి పలుకుతారు. అందువల్ల ఇంగ్లీషు మాట్లాడేవారికి ఒత్తు ఉన్న అక్షరం కంటే లేని అక్షరమే కష్టం. పల్ అంటే క్షణం, ఫల్ అంటే పండు. కానా అంటే ఒంటికన్నువాడు, ఖానా అంటే భోజనం. ఈ తేడాలు నేర్చుకునేవారి చెవికే సరిగా అందనప్పుడు, తెర మీద సరైన పెట్టెను వేలితో తాకి మార్కులు తెచ్చుకున్నంత మాత్రాన నాలుక తిరగదు.

ఇక్కడే ట్యూటర్‌కు ఇచ్చే రుసుము సార్థకమవుతుంది. నోటి ముందు అరచేయి పెట్టించి, ఇంగ్లీషు ‘స్కై’ అన్నప్పుడు గాలి తగలడం లేదు కదా, ఆ ‘క’నే ‘కానా’లో పలకమని చెప్పగల మనిషి వీడియోలో ఎదురుగా ఉంటే, యాప్ చేయలేని పని ఒక్క పాఠంలోనే మొదలవుతుంది. కాని ట్యూటర్లలోనూ భేదాలున్నాయి. బజారులో కితాబ్ అనేచోట పుస్తక్ అని మాత్రమే నేర్పేవారు, మొదటి వారంలోనే ‘నే’ ప్రత్యయం గురించి ఉపన్యసించేవారు వాడుక భాషకు పనికిరారు. భూతకాల సకర్మక వాక్యంలో కర్తకు ‘నే’ చేరి, క్రియ కర్మను అనుసరించే ఆ పద్ధతి తప్పక నేర్వవలసినదే గాని, ‘ముఝే చాహియే’ (నాకు కావాలి), ‘కిత్‌నే కా హై’ (ఎంత ధర) నోటికి వచ్చాక నేర్చుకున్నా ఆలస్యం కాదు.

మూడో దారి బడి. ఉత్తరాఖండ్‌లో, ముస్సోరీ పైనున్న లాండౌర్‌లో, కెలాగ్ చర్చి ఆవరణలో నడిచే భాషా పాఠశాల మిషనరీల కాలం నుంచి విదేశీయులకు హిందీ నేర్పుతోంది. 1960లో ఏర్పడిన ఆగ్రాలోని కేంద్రీయ హిందీ సంస్థాన్ కూడా విదేశీ విద్యార్థులను చేర్చుకుంటుంది. అయితే అక్కడి చదువు మాటకంటే పట్టాకు దగ్గర. సెలవు, డబ్బు రెండూ ఉన్నవారికి లాండౌరే మిన్న అని నా అభిప్రాయం. ఢిల్లీలో ఇల్లు తీసుకుంటే భాష దానంతట అదే వస్తుందనుకోవడం మాత్రం భ్రమ: దక్షిణ ఢిల్లీలో తడబడుతూ హిందీ ఎత్తుకున్న విదేశీయుడికి దుకాణదారు చాలాసార్లు ఇంగ్లీషులోనే సమాధానమిస్తాడు, సంభాషణ అక్కడితో ముగుస్తుంది.

ఈ మూడింటిలో ఒక్కటే ఎంచుకోమంటే, చాలామందికి ట్యూటరే మేలు. లిపికి మాత్రం ఆయన గంటలు ఖర్చు చేయకుండా యాప్‌ను వాడుకోవాలి.

అమెరికాలో పుట్టి ఇంగ్లీషే మొదటి భాషగా పెరిగిన తెలుగు పిల్లల సంగతి కొంత వేరు. ఇంట్లో తెలుగు వింటూ పెరిగినవారికి త, ట భేదం చెవిలోనే ఉంటుంది; క్రియ చివర రావడం, ‘నాకు కావాలి’ అనే వాక్య నిర్మాణం, నువ్వు, మీరు తేడా కూడా కొత్త కాదు. తెలుగు మాటల్లో ఒత్తులు తేలిపోతాయి కనుక, ‘ఖ’, ‘ఫ’ల మీద కొంత శ్రద్ధ పెట్టాలి. వారిని నిజంగా తికమక పెట్టేది రోటీ స్త్రీలింగం, చావల్ పుంలింగం కావడం. అందువల్ల వారు ఉచ్చారణకంటే ఎక్కువగా, ప్రతి నామవాచకాన్నీ ‘మంచి’ అనే అర్థంలో పుంలింగానికి వాడే ‘అచ్ఛా’తోనో, స్త్రీలింగానికి వాడే ‘అచ్ఛీ’తోనో కలిపి పలికించే ట్యూటర్‌ను వెతుక్కోవడం మంచిది.