నడుము నొప్పికి మూలకణాల సూది: కొనుక్కోవడమా, ట్రయల్‌లో చేరడమా, వ్యాయామమా?

ఏడేళ్ళుగా నడుము నొప్పితో ఉన్నవాణ్ణి కాబట్టి, గాజువాక నుంచీ మధురవాడ నుంచీ మిత్రులు నన్ను తరచుగా అడుగుతున్నారు: మూలకణాల (స్టెమ్ సెల్) సూది డబ్బు కట్టి వేయించుకోవాలా, దాన్ని పరీక్షించే ట్రయల్‌లో చేరాలా, వ్యాయామమే చేయాలా అని. గత ఏడాది ఈ ప్రశ్న నాకూ ఎదురైంది. విశాఖలోని ఒక క్లినిక్‌లో నా ఎంఆర్‌ఐ ఫిల్మును లైటు పెట్టెకు తగిలించి, తెల్లని డిస్కుల మధ్య నల్లబడిన ఎల్‌4–ఎల్‌5ను (నడుములోని నాలుగు, ఐదు వెన్నుపూసల నడుమ ఉండే మెత్తని డిస్కును) పెన్నుతో చూపిస్తూ, "ఇక్కడ గుజ్జు ఆరిపోయింది, మీ ఎముక మజ్జలోని కణాలే తీసి ఎక్కిస్తే మళ్ళీ పెరుగుతుంది" అన్నారు. నొప్పితో ఉన్నవాడికి ఆ మాట ఎంత ఆశ కలిగిస్తుందో నాకు తెలుసు. కానీ నొప్పే లేని 40 ఏళ్ళవారిలో కూడా సగానికి పైగా అరిగిన డిస్కులు కనిపిస్తాయి. పైగా డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు; పోషకాలు వెన్నుపూసల అంచుల నుంచి ఊరుతూ చేరవలసిందే కనుక, అక్కడ కొత్త కణాలు బతకడమే కష్టం.

నా దృష్టిలో అసలు తేల్చేది పోలిక, అంటే కణాలు అందినవారిని అందనివారితో పోల్చి చూడడం. నొప్పి భరించలేని రోజుల్లోనే మనం సూదికి వెళతాం. ఆ తీవ్రత ఏ సూదీ లేకపోయినా కొంత తగ్గుతుంది, వైద్యం జరిగిందన్న నమ్మకం మరికొంత తగ్గిస్తుంది. కాబట్టి తగ్గినది కణాల వల్లనేనా అన్నది, సూది వేయించుకున్న మనిషి తన ఒంటిని చూసి చెప్పలేడు. ఆస్ట్రేలియాకు చెందిన మెసోబ్లాస్ట్ సంస్థ 404 మందిపై జరిపిన ట్రయల్‌లో కొందరికి కణాలు, కొందరికి ఉప్పునీటి సెలైన్ ఇచ్చారు. నొప్పి, కదలిక రెండూ కలిపి పెట్టుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదని 2021లో తేలింది. నొప్పి ఒక్కటే చూస్తే తేడా కనిపించిందని ఆ సంస్థ అంటోంది, దాన్ని తేల్చడానికే మరో ట్రయల్ మొదలుపెట్టింది. ఐరోపాలో 114 మందిపై జరిగిన రెస్పైన్ ట్రయల్‌లో కణాలు అందినవారిలోనూ అందనివారిలోనూ సగానికి పైగా మెరుగుపడ్డారు. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

అందుకే డబ్బు కట్టి వేయించుకునే సూదిని నేను సమర్థించలేను. రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి వంటి ఆమోదిత చికిత్సలు తప్ప, మిగతా వాడకమంతా ట్రయల్ రూపంలోనే జరగాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్ అయితే సీటీఆర్ఐలో (దేశంలోని ట్రయల్స్ వివరాలుండే రిజిస్ట్రీలో) నమోదై ఉండాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, సూదికి మన దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ వల్ల హాని కలిగితే, కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్‌పై వచ్చిన 2019 నిబంధనల ప్రకారం ఉచిత వైద్యమూ పరిహారమూ అందాలి. సమ్మతి పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని, ఇంట్లోవాళ్ళతో కూర్చుని చదవండి. పోలిక గుంపు, అంటే పోల్చి చూడడానికి కణాలు ఇవ్వని గుంపు, ఉందా అన్నది మొదట చూడండి.

మిగతా దారుల సంగతి కొస్తే, స్టెరాయిడ్ సూది కాలిలోకి దిగే నొప్పికి కొన్ని వారాల ఊరట మాత్రమే ఇస్తుంది. కాలు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా ఆపరేషన్ గురించి చర్చించుకుంటూ కూర్చోకుండా వెంటనే విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వంటి పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

నేను వ్యాయామాన్ని ఎంచుకున్నాను. ఉదయం వాహనాలు ఆపేసే బీచ్‌రోడ్డులో నలభై నిమిషాల నడక, ఇంటికొచ్చాక చాప మీద ఫిజియోథెరపిస్టు నేర్పిన నాలుగు కదలికలు. మొదటి ఆరు వారాలు ఏ మార్పూ లేదు. ఇప్పుడు పూర్తి బస్తా కాకపోయినా పది కిలోల బియ్యం సంచి ఎత్తగలుగుతున్నాను. పోలిక గుంపుతో నిజమైన ట్రయల్ విశాఖలో మొదలైతే, నా వంతుకు సెలైనే రావచ్చని తెలిసి కూడా, నేను పేరు ఇస్తాను.