ఆరేళ్లు ఇంప్లాంట్లు, మూడేళ్లుగా లిఫ్ట్: ఇద్దరు పిల్లల తర్వాత నా అనుభవం

నేను రొమ్ముల్లో ఇంప్లాంట్లు, అంటే లోపల నింపే సిలికాన్ సంచులు, పెట్టించుకున్నది మచ్చకు భయపడి. జారిన రొమ్మును పైకెత్తి కుట్టే లిఫ్ట్ సర్జరీ అంటే చనుమొన చుట్టూ, అక్కడి నుంచి కిందికి, మళ్లీ రొమ్ము కింది మడత వెంబడి కోత పడుతుందని విన్నాక ఇక ఆ మాటే ఎత్తలేదు. ఇంప్లాంట్‌కైతే మడతలో రెండంగుళాల కోత చాలన్నారు. రెండోవాడు పాలు మానేసి అప్పటికి ఎనిమిది నెలలు. పాలిచ్చినన్నాళ్లూ నిండుగా ఉన్నవి వాడిపోయి వేలాడుతున్నాయి. లోపల ఖాళీ అయింది కాబట్టి నింపితే సరిపోతుందనుకున్నాను. ఆ ఒక్క లెక్క తప్పింది.

మొదటి ఏడాది ఎవరడిగినా చాలా బాగుందనే చెప్పాను. అబద్ధమేమీ కాదు, బట్టలు వేసుకుంటే నిజంగానే బాగుండేది. బ్రా తీస్తే మాత్రం పైన గుండ్రంగా ఇంప్లాంట్ ఒకటి, దాని మీంచి జారినట్టు కింద నా సొంత రొమ్ము ఒకటి. చనుమొనలు ఎప్పట్లాగే కిందికే ఉన్నాయి. ఈ సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పుకోలేదు.

నాలుగో ఏడాది నుంచి ఎడమవైపు బిగుసుకోవడం మొదలైంది. శరీరం ఏ ఇంప్లాంట్ చుట్టూ అయినా పల్చటి పొర కట్టుకుంటుంది. అది మామూలే. కొందరిలో ఆ పొర దళసరెక్కి, ముడుచుకుని, ఇంప్లాంట్‌ను నొక్కేస్తుంది. నాకది రాత్రికి రాత్రి తెలియలేదు. ముందు ఎడమవైపు తిరిగి పడుకుంటే ఇబ్బంది, తర్వాత బ్రా కప్పు ఒకవైపే పైకి లేవడం. సర్దుకుంటుందిలే అని ఊరుకున్నాను. ఒక రాత్రి చిన్నోడు కథ వింటూ అలవాటుగా నా గుండె మీద తల పెట్టాడు. కాసేపు అటూ ఇటూ కదిలాడు. "అమ్మా, ఇటు గట్టిగా ఉంది" అని లేచి, మంచం చుట్టూ తిరిగొచ్చి కుడివైపు పడుకున్నాడు. కథ ఆపకుండా చెప్పాను గానీ ఏం చెప్పానో గుర్తులేదు. వాడికి పాలిచ్చిన చోటు అది.

అయినా ఇంకో సర్జరీ అంటే టెన్షన్‌తో మరో రెండేళ్లు నెట్టుకొచ్చాను. స్కాన్ చేస్తే ఇంప్లాంట్ పగల్లేదు, పొర బిగుసుకోవడం మాత్రం నాలుగు గ్రేడ్లలో మూడోది అన్నారు. సిలికాన్ ఇంప్లాంట్ లోపల పగిలినా బయటికి ఏమీ తెలియకపోవచ్చు. అందుకే ఐదారేళ్లకు మొదటిసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ తీయించుకోమని అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ సలహా. నాకది మొదటి సర్జరీకి ముందే తెలిసి ఉండాల్సింది.

రెండో సర్జన్ నన్ను నిలబెట్టి, టేపు పెట్టి మెడ కింది గుంట నుంచి చనుమొన దాకా కొలిచారు. చనుమొన రొమ్ము కింది మడతకు పైన ఉందా, కింద ఉందా చూశారు. పైన ఉంటే ఇంప్లాంట్ ఒక్కటే సరిపోవచ్చట. నాది బాగా కిందికి ఉంది. సాగిన చర్మాన్ని ఇంప్లాంట్ తగ్గించదు, చనుమొనను పైకి తేదు. రెండు నిమిషాల కొలత. మొదటిసారి ఎవరూ కొలవలేదు. నా కోపమంతా ఇక్కడే, ఇప్పటికీ తగ్గలేదు.

ఇంప్లాంట్లు, ఆ పొర తీసేసి అదే సర్జరీలో లిఫ్ట్ చేశారు. ఆరు వారాలు పగలూ రాత్రీ సపోర్ట్ బ్రా, బరువులెత్తకూడదు. నేను భయపడ్డ మచ్చ ఎనిమిది నెలలు ఎర్రగా ఉంది, సిలికాన్ షీట్లు అంటించాను. ఇప్పుడు చాలావరకు తెల్లటి గీత. అలా అని మచ్చే లేదని చెప్పలేను. నిలువు కుట్టు, అడ్డం కుట్టు కలిసేచోట రెండో వారంలో గాయం కాస్త విచ్చుకుంది. అక్కడ మచ్చ చిటికెన వేలి గోరంత వెడల్పుగానే మిగిలింది. ఎడమ చనుమొనకు స్పర్శ పూర్తిగా రాలేదు. మొదటి నెలల్లో పైభాగంలో కనిపించిన నిండుదనం ఏడాది తిరిగేసరికి పోయింది. లిఫ్ట్ ఆకారాన్ని సరిచేస్తుందే గానీ సైజు ఇవ్వదు. బ్రా సైజు ఇప్పుడు పిల్లలకు ముందున్న దానికంటే తక్కువే.

కానీ మెత్తగా ఉన్నాయి. ఏ పక్కకు తిరిగినా నిద్ర పడుతోంది. వాడిప్పుడు పెద్దవాడయ్యాడు, ఎప్పుడో గానీ దగ్గరికి రాడు. వచ్చినప్పుడు ఏ వైపైనా తల వాలుస్తాడు.

నాకు నింపకపోయినా సరిపడేంత సొంత కణజాలం ఉంది. బరువు నిలకడగా ఉంది, పొగ అలవాటు లేదు, మూడో బిడ్డ ఆలోచనా లేదు. రొమ్ము సాగేది పాలివ్వడం వల్ల కన్నా గర్భం వల్లే ఎక్కువ కాబట్టి, ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు కాస్త ఆగడం మేలనిపిస్తుంది. పోయినేడాది నా స్నేహితురాలు అడిగితే ముందు ఆ వెడల్పు మచ్చే చూపించాను. తనకు ఒక్కతే పాప, చనుమొనలు మడతకు పైనే ఉన్నాయి, లోపల కణజాలం చాలా తక్కువ. ఇద్దరు సర్జన్ల చేత కొలిపించుకుని ఇంప్లాంట్లే పెట్టించుకుంది. తనను వద్దనడానికి నాకు కారణం కనిపించలేదు.