వంశవృక్షం సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లు జాగ్రత్త: గ్రూపులో సాయం అడిగితే ఇన్‌బాక్స్‌లోకి వచ్చే ‘సపోర్ట్’ను నమ్మకండి

వంశవృక్షం తయారు చేసుకోవడానికి సాఫ్ట్‌వేర్ కొనుక్కుని, ఏదైనా ఇబ్బంది వస్తే ఆన్‌లైన్ యూజర్ల గ్రూపుల్లో అడుగుతున్న వాళ్లందరికీ ఈ హెచ్చరిక. పోయిన నెలలో నాకు 31,499 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచండి. మా కుటుంబంలో 600 మందికి పైగా మనుషుల వివరాలను నా చేతులతో నేనే ముక్కూ మొహం తెలియని వాడికి అప్పగించాను. అది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మాది దివిసీమ. 1977 నవంబరు ఉప్పెనలో ఇంట్లో కాగితమన్నది మిగల్లేదు. ఆ తర్వాత నాన్న తనకు గుర్తున్నవి, మిగిలిన పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్నవి కలిపి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాశారు. కొన్ని పేర్ల పక్కన ‘ఉప్పెనలో’ అని ఒక్క మాటే ఉంటుంది. నాన్న పోయాక ఆ పుస్తకం నా దగ్గరికి వచ్చింది. పేజీల అంచులు ముట్టుకుంటే రాలిపోతున్నాయి, అందుకే సాఫ్ట్‌వేర్ కొన్నాను. మేనరికాలు, దత్తతలు, ఒకే తాత పేరు పెట్టుకున్న నలుగురు మనవలు... అన్నీ సరిచూసుకుంటూ ఎక్కించడానికి రెండేళ్లు పట్టింది.

ఈ మధ్య లాప్‌టాప్ మార్చి, పాత దాంట్లోంచి ఫైల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త దాంట్లోకి తెచ్చుకున్నాను. తెరిచి చూస్తే తెలుగులో రాసిన పేర్లన్నీ ప్రశ్న గుర్తులు. మా మేనత్త పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్న గుర్తులు, వాటి కింద 1977. ఒళ్లు చల్లబడిపోయింది. వెంటనే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టాను.

పది నిమిషాలైనా కాలేదు, ఇన్‌బాక్స్‌లో మెసేజ్. ప్రొఫైల్ ఫొటోలో ఆ సాఫ్ట్‌వేర్ లోగో, పేరు చివర ‘సపోర్ట్ టీమ్’ అని. గ్రూపులో రాస్తే ఆలస్యమవుతుంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అన్నారు. చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఫైల్ కరప్ట్ అయిందని, ఈ రాత్రిలోగా బాగుచేయకపోతే ఇక దొరకదని చెప్పాడు. ఆ టెన్షన్‌లో, మన కంప్యూటర్‌ను ఎక్కడి నుంచో వేరేవాళ్లు నడపడానికి వీలిచ్చే ఎనీడెస్క్ ఇన్‌స్టాల్ చేసి, అందులో కనిపించిన నంబరు చదివి చెప్పాను. మౌస్ దానంతట అది కదలడం మొదలైంది.

అతను ముందు ఈవెంట్ వ్యూయర్ అనేది తెరిచాడు. ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వందల కొద్దీ. ‘చూశారా మేడమ్, ఇవన్నీ వైరస్‌లే’ అన్నాడు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి: అది కంప్యూటర్‌లో జరిగేవన్నీ నమోదయ్యే చిట్టా, విండోస్‌తో పాటే వస్తుంది, చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్‌లో కూడా అలాంటి గుర్తులు ఉంటాయి. మీ ఇంట్లో దాంట్లో కూడా ఇప్పుడే తెరిచి చూసుకోవచ్చు. నాకు ఆ రోజు తెలియదు. రిపేర్ కోసం 6,500 అంటే యూపీఐలో పంపాను. తర్వాత లైఫ్‌టైమ్ ప్లాన్ యాక్టివేట్ చేయడానికని ఏదో పేజీలో కార్డు నంబరు కొట్టించాడు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీని ‘యాక్టివేషన్ కోడ్’ అన్నాడు, చదివి చెప్పాను. 24,999 పోయింది. ఈలోగా రిపేర్ సర్వర్‌కు పంపుతున్నానంటూ వంశవృక్షం ఫైల్‌ను తన వైపు కాపీ చేసుకున్నాడు. నా కళ్ల ముందే, నేను సరేనంటుండగానే.

ఆ సాయంత్రమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. 11,000 మాత్రం వాళ్ల ఖాతా దాటకుండా ఆగింది. మిగతాది బ్యాంకు ఇవ్వనంటోంది, ఓటీపీ నేనే చెప్పాను కాబట్టి. రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, వివరాలు మనమే చెప్పి పోగొట్టుకుంటే బ్యాంకుకు తెలియజేసే దాకా పోయినదంతా మన నెత్తినే. తెలియజేశాక పోయినది బ్యాంకు భరించాలి. అందుకే ఇలాంటిది జరిగితే సిగ్గుపడి ఒక్క గంట కూడా ఆగకండి.

నాలుగు రోజుల తర్వాత బందరు నుంచి పిన్ని ఫోన్ చేసింది, గొంతు వణుకుతోంది. అమెరికాలో ఉన్న మనవడు పోలీసు కేసులో ఇరుక్కున్నాడని, డబ్బు పంపమని ఎవరో ఫోన్ చేశారట. మనవడి పుట్టినరోజు సరిగ్గా చెప్పాడట, వాళ్లమ్మ పుట్టింటి పేరు చెప్పాడట. అదీ కాక, చిన్నప్పుడు వాడిని పిన్ని పిలిచే ముద్దుపేరుతో మాట్లాడాడట. ఆ ముద్దుపేరు ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. రాతలో ఉన్నది ఒకే ఒక్క చోట, నా ఫైల్‌లో. పిన్ని డబ్బు పంపే ముందు నాకు ఫోన్ చేసింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రంతా కూర్చుని, ఫైల్‌లో ఉన్న ప్రతి ఇంటికీ ఫోన్ చేసి చెప్పాను. తల్లి పుట్టింటి పేరును బ్యాంకు సెక్యూరిటీ ప్రశ్నకు జవాబుగా పెట్టుకున్నవాళ్లు మా ఇంట్లోనే ముగ్గురు తేలారు.

అసలు నా సమస్యకు పరిష్కారం పైసా ఖర్చు లేనిది. మర్నాడు పొద్దున్నే గ్రూపులో నా ప్రశ్న కిందే, అందరూ చూసేలా, ఒక పాత సభ్యుడు రాశారు. ఈ సాఫ్ట్‌వేర్లు ఒకదాని నుంచి ఇంకొకదానికి సమాచారం పంపుకోవడానికి జెడ్‌కామ్ (GEDCOM) అనే ఫైల్ వాడతాయి. 1984లో అమెరికాలోని మార్మన్ చర్చి వాళ్లు తెచ్చిన పద్ధతి అది. పాత రకం అక్షర సంకేతాల్లో ఎగుమతి చేస్తే తెలుగుకు చోటే ఉండదు, ప్రశ్న గుర్తులే మిగులుతాయి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలకూ చోటుండే యూటీఎఫ్-8 అనే సంకేతాన్ని ఎంచుకోవాలి. 2021లో వచ్చిన జెడ్‌కామ్ 7.0 వెర్షన్‌లో ఇక అదొక్కటే. పాత కంప్యూటర్‌ను ఆడపడుచు కొడుక్కి చదువుకోమని ఇచ్చాను, అదృష్టం కొద్దీ వాడు ఏమీ చెరపలేదు. అక్కడి నుంచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే మేనత్త పేరు ఉన్నదున్నట్టు వచ్చింది. అది చూసి ఏడ్చేశాను.

మనలాంటి వాళ్లే ఎందుకు దొరుకుతున్నారంటే, ఈ సాఫ్ట్‌వేర్లు చేతులు మారుతుంటాయి. ఫ్యామిలీ ట్రీ మేకర్‌నే చూడండి. 2015 డిసెంబరులో అమ్మకం ఆపేస్తున్నామని దాని కంపెనీ యాన్సెస్ట్రీ ప్రకటించింది, 2016లో మెక్కీవ్ అనే కంపెనీ దాన్ని తీసుకుంది. తప్పు వాళ్లదని కాదు. ఎవరిని అడగాలో తెలియని ఆ సందులోనే దొంగలు దూరుతున్నారు. పైగా ఈ పని చేసేవాళ్లలో పెద్దవయసు వాళ్లు ఎక్కువ, ఫైల్ పోయిందంటే ప్రాణం పోయినట్టే ఉంటుంది.

కాబట్టి గ్రూపులో అడగండి, మానేయకండి. ఆ పాత సభ్యుడి లాంటి మంచివాళ్లు అక్కడే ఉంటారు. కానీ జవాబు అందరికీ కనిపించేలా ఇమ్మనండి. ఫోన్ చేయమన్నా, ఇన్‌బాక్స్‌కు రమ్మన్నా, స్క్రీన్ చూపించమన్నా అక్కడితో ఆపేయండి. కంపెనీతోనే మాట్లాడాలంటే సాఫ్ట్‌వేర్‌లో ఉండే హెల్ప్ మెనూ నుంచి వెళ్లండి, గూగుల్‌లో దొరికిన నంబరుకు వద్దు. స్క్రీన్‌షాట్ పెట్టే ముందు పేర్లు, తేదీలు కప్పేయండి. ఎవరికైనా ఫైల్ పంపాల్సి వస్తే, బతికున్నవాళ్ల వివరాలు రాకుండా చేసే ఆప్షన్ చాలా సాఫ్ట్‌వేర్ల ఎక్స్‌పోర్ట్‌లో ఉంటుంది, అది టిక్ చేయండి. నేను రెండేళ్లుగా దాన్ని చూస్తూనే ఉన్నాను, ఎందుకో ఆలోచించలేదు.

ఆ ప్రొఫైల్‌ను అడ్మిన్లు తీసేశారు. నిన్న అదే లోగోతో, కొంచెం మార్చిన పేరుతో మళ్లీ ఒకటి చేరింది. రిపోర్ట్ చేశాను. మీకు కనిపిస్తే మీరూ చేయండి.