ఆఫ్రికా అడవి పుస్తకాలు: హాగార్డ్ నవలా, ప్యాటర్సన్ వేటా? ఏది మేలు?

మన అడవుల్లో పులుల వేట గురించి రాసిన జిమ్ కార్బెట్, కెన్నెత్ ఆండర్సన్ పుస్తకాలు చదివేసినవాళ్లు తర్వాత అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఆఫ్రికా మీద ఏం చదవమంటారు? నవలలా, వేటగాళ్లు రాసుకున్నవా?" పేర్లు చెప్పాలంటే డజను చెప్పొచ్చు. అసలు పోటీ మాత్రం రెండింటి మధ్యే అని నా లెక్క. ఒకటి రైడర్ హాగార్డ్ నవల 'కింగ్ సాలమన్స్ మైన్స్' (1885). రెండోది జె.హెచ్. ప్యాటర్సన్ 'ద మ్యాన్ ఈటర్స్ ఆఫ్ సావో' (1907).

ముందు హాగార్డ్ సంగతి. 19 ఏళ్ల వయసులోనే దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లి కొలువు చేసినవాడు కాబట్టి ఎడ్లబండి ప్రయాణాలూ, అక్కడి జూలూ తెగవాళ్ల తీరుతెన్నులూ అతనికి కళ్లతో చూసిన సంగతులే. స్టీవెన్సన్ రాసిన 'ట్రెజర్ ఐలాండ్'లో సగంపాటి నవల కూడా నువ్వు రాయలేవని సోదరుడు అయిదు షిల్లింగుల పందెం కాస్తే, పంతం పట్టి రాశాడు. రక్తంతో గీసిన పటం, ఎడారి, గుట్టల అవతల రాజ్యం, వజ్రాల గుహ... ఇవన్నీ తర్వాత వంద కథల్లో చూశాం. ఇప్పటికీ పాతబడనిది మాత్రం కథ చెప్పే క్వాటర్‌మెయిన్ గొంతు. 65 సింహాలను కొట్టాను, 66వది నా కాలును పొగాకులా నమిలేయడమేమిటని విసుక్కుంటూ మొదలెడతాడు. తాను కాస్త పిరికివాణ్నేనని తనే ఒప్పుకుంటాడు. ఆ వినయం వెనక కొంత గడుసుదనమూ ఉంది. అందుకే చదువుతుంటే ముచ్చటేస్తుంది.

గ్రహణం సంగతి కూడా చెప్పాలి. తొలి కూర్పులో సూర్యగ్రహణం పెట్టి, ఆ చీకట్లో చాలా తతంగం నడిపించాడు. సంపూర్ణ గ్రహణం ఎంత సాగినా ఏడున్నర నిమిషాలకు మించదు కదా! తర్వాతి కూర్పుల్లో దాన్ని చంద్రగ్రహణంగా మార్చేశాడు. పంచాంగం చూసే మన తాతయ్య ఒకాయన పక్కనుంటే అచ్చుకు పంపకముందే పట్టుకునేవాడు.

మరి దీనికి నేను రెండో స్థానమే ఎందుకిస్తాను? జంతువు వల్ల. ఈ తరహా పుస్తకాల్లో నేను మొదట చూసేది ఒక్కటే: జంతువుకి సొంత బుద్ధి ఉందా, వేటగాడి ఎత్తుకు అది పైఎత్తు వేస్తుందా? హాగార్డ్ నవలలో ఏనుగుల వేట ఒక అధ్యాయం. బూట్లు జారి కింద పడ్డ, బృందంలోని కెప్టెన్ గుడ్‌ని కాపాడబోయి, ఖీవా అనే జూలూ కుర్రాడు ఏనుగు చేతిలో ఘోరంగా చనిపోతాడు. చదువుతుంటే గుండె గుభేలుమంటుంది. కానీ కాసేపటికే బృందం ఎడారి దారి పడుతుంది, ఏనుగుల వేట మళ్లీ రాదు. కథకు ఒక చావు కావలసి వచ్చింది, ఏనుగు వచ్చి ఆ పని చేసి వెళ్లిపోయింది.

ప్యాటర్సన్ దగ్గర లెక్క తిరగబడుతుంది. 1898 మార్చిలో బ్రిటిష్‌వాళ్ల ఉగాండా రైల్వే కోసం, ఇప్పటి కెన్యాలోని సావో నది మీద వంతెన కట్టడానికి వెళ్లాడు. వేట అతని ఉద్యోగం కాదు. జూలు లేని రెండు మగ సింహాలు రాత్రిపూట గుడారాల్లోంచి కూలీలను ఈడ్చుకుపోవడం మొదలుపెట్టాయి. నిన్న మనిషిని ఎత్తుకుపోయిన చోట ఈ రాత్రి ఈయన కాపు కాస్తాడు, అవి ఇంకో మకాం మీద పడతాయి. ఆసుపత్రి మకాం మీద దాడి జరిగిందని దాన్ని వేరేచోటికి మార్చి, ఖాళీ అయిన పాత చోట తుపాకీతో కూర్చున్నాడు. అర్ధరాత్రి కేకలు వినిపించాయి, కొత్త ఆసుపత్రి వైపు నుంచి. ఒక సింహం గుడారం గుడ్డ కిందనుంచి తల దూర్చి, నీళ్లు మోసే మనిషి కాలు పట్టుకుంది. అతను చేతికందిన బరువైన పెట్టెను పట్టుకున్నాడు. పెట్టె కూడా వెంట వచ్చి గుడారం అంచుకు తగిలి ఆగిపోయింది. పట్టు వదిలి గుడారం తాడు పట్టుకున్నాడు. అది తెగేదాకా వదల్లేదు. ఈ పెట్టె, ఈ తాడు కల్పించి రాసేవాడికి తోచవు.

చివరికి కూలీలు వచ్చే రైలుకు అడ్డంగా పట్టాల మీద పడుకుని, దాన్ని ఆపి, ఎక్కి పారిపోయారు. మూడు వారాలు పని ఆగిపోయింది. డిసెంబరులో ప్యాటర్సన్ నాలుగు కర్రల మీద ఊగే మంచె కట్టించుకుని, చచ్చిన గాడిద పక్కన ఒంటరిగా కూర్చున్నాడు. సింహం గాడిదను వదిలేసి ఆయన చుట్టూ తిరగడం మొదలెట్టింది. అంతలో తల వెనక ఏదో దబ్బున తగిలింది. ప్రాణం పోయిందనుకున్నాడు. తీరా చూస్తే గుడ్లగూబ, ఈయన్ని చెట్టుకొమ్మ అనుకుని వాలబోయింది! ఆ రాత్రే మొదటి సింహం కూలింది, అదే నెలలో రెండోది కూడా.

నిజంగా జరిగినదానికి ఇంకో సుఖం ఉంది, దాన్ని నిలదీయొచ్చు. సింహాలకు బలైంది 28 మంది భారతీయ కూలీలనీ, లెక్కకు రాని ఆఫ్రికన్లనీ పుస్తకంలో చెప్పిన ప్యాటర్సన్ తర్వాత ఆ సంఖ్యను 135కి పెంచాడు. ఆ సింహాల చర్మాలు చాన్నాళ్లు ఆయన ఇంట్లోనే పరిచి ఉండి, 1924లో 5,000 డాలర్లకు చికాగోలోని ఫీల్డ్ మ్యూజియం చేరాయి. ఎముకలూ వెంట్రుకలూ పరీక్షించి ఆ రెండూ కలిపి సుమారు 35 మందిని తిని ఉంటాయని 2009లో అంచనా వేశారు. పళ్ల పగుళ్లలో ఇరుక్కున్న వెంట్రుకల డీఎన్‌ఏలో మనిషితో పాటు జిరాఫీ, జీబ్రా కూడా ఉన్నాయని 2024లో తేలింది. అంటే దొర కాస్త పెంచి చెప్పాడన్నమాట. పుస్తకం మీద నా ఇష్టం అందుకేమీ తగ్గలేదు.

దొరతనపు చూపు రెండింట్లోనూ ఉంది. ఆ అహంకారం ఉందని తెలిసే చదవాలి. క్వాటర్‌మెయిన్ ఉండే డర్బన్ చుట్టుపక్కల చెరకు తోటలకు 1860 నుంచీ మద్రాసు రేవులో ఓడలెక్కి మన తెలుగువాళ్లు కూడా వెళ్లారు. వజ్రాలకు బయల్దేరిన బృందంలో అలాంటివాడు ఒక్కడూ ఉండడు. ప్యాటర్సన్ కూలీలను తక్కువ చేసే మాట్లాడతాడు. రాళ్ల దగ్గర తనను చంపడానికి కుట్ర పన్నారనే అధ్యాయంలో వాళ్ల వైపు మాట వినపడదు. అయినా సింహం నోట పడ్డ జమేదారు ఉంగన్ సింగ్‌కు పేరుంది. రోషన్ అనే మేస్త్రీ హిందుస్తానీలో కట్టిన పద్యానికి అనువాదం కూడా ఇచ్చాడు. పంజాబు నుంచీ గుజరాతు నుంచీ వెళ్లి ఆ రైలు దారి వేసిన 30 వేల పైచిలుకు మంది ఎలా బతికారో కొంతైనా కనబడేది ఇందులోనే.

మిగతావి క్లుప్తంగా. అమెరికా అధ్యక్షుడిగా చేసిన థియోడర్ రూజ్‌వెల్ట్ పుస్తకం జాబితా చదివినట్టుంటుంది, తండ్రీకొడుకులు కలిసి 512 జంతువులను కొట్టారు. వెయ్యికి పైగా ఏనుగులను చంపిన వేటగాడు బెల్ పుస్తకాలు, తుపాకుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకే. టార్జాన్‌ని సినిమాలకే వదిలేయండి. బెంగాలీ రచయిత బిభూతిభూషణ్ నవల 'చాందేర్ పహాడ్' (1937) మాత్రం వదలొద్దు. ఆఫ్రికా మొహం చూడకుండానే ఉగాండా రైల్వేలో బెంగాలీ కుర్రాడి కథ రాశాడాయన.

పన్నెండు పదిహేనేళ్ల పిల్లలకైతే హాగార్డే ఇవ్వండి, సంక్షిప్త ప్రతి మాత్రం వద్దు. పెద్దవాళ్లకు నా ఓటు ప్యాటర్సన్‌కే, అదీ మొదటి తొమ్మిది అధ్యాయాల వరకే. ఆ తర్వాత ఎక్కువగా మామూలు వేట యాత్రలు, పేజీలు తిప్పేయొచ్చు. అలా తిప్పుతున్నప్పుడు కిమా స్టేషను పేరు కనిపిస్తే మాత్రం ఆగండి. సింహం కోసం రైలుపెట్టెలో కాపున్న పోలీసు అధికారి దగ్గరికి ఆ సింహమే పెట్టెలోకి వస్తుంది. రెండు పుస్తకాలూ ఇంగ్లిషులో ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి.