రెండు సర్వాలు వాడాక: నా స్ప్రే డ్రోన్, అది తప్పిన రెండు మీటర్లు

మందు కొట్టే డ్రోన్ కొని రెండు సర్వాలు (ఖరీఫ్ పంటలు) అయింది. పది లీటర్ల ట్యాంకు. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో వరికి, కోతలయ్యాక మినుముకి, మొక్కజొన్నకి కిరాయికి కొడుతున్నాను. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఎకరం ఎన్ని నిమిషాల్లో అవుతుంది అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. బౌండరీ గీసి ఆటోలో, అంటే దానంతట అదే ఎగిరేలా వదిలాక ఈ డ్రోన్ నిజంగా ఎక్కడ ఎగురుతుందన్న దాని గురించే నా బాధంతా.

కొన్న మొదటి నెలలో కనబడిన రైతుకల్లా ఒకటే చెప్పాను, నూలు పట్టినట్టు పోతుందని. అది అబద్ధం కాదు, ఇప్పటికీ అలాగే పోతుంది. సాలుకీ సాలుకీ మధ్య దూరం మారదు. పైరు మీద ఎత్తు కూడా కింద ఉన్న రాడార్ చూసుకుంటుంది, అందులో ఇంతవరకు వంక పెట్టలేను. అయితే తిన్నగా పోవడం వేరు, పోవాల్సిన చోట పోవడం వేరు అని అప్పటికి నాకు తెలియదు.

తెలిసింది మొదటి సర్వాలోనే. రెండెకరాల మడి, వెదజల్లిన వరి, ఊద అనే కలుపు గట్టిగా వచ్చింది. బిస్‌పైరిబాక్ సోడియం అనే కలుపు మందు కొట్టాలి. ముందు రోజు మధ్యాహ్నం మూడింటికి రిమోట్ పట్టుకుని గట్ల మీద నడిచి నాలుగు మూలలూ గుర్తించుకున్నాను. మర్నాడు పొద్దున ఆరున్నరకి నీళ్లు తీసిన మడి మీద ఆటోలో వదిలాను. ఆకు కదలనంత నిశ్చలంగా ఉంది గాలి. స్క్రీన్ మీద పద్దెనిమిది శాటిలైట్లు, అన్నీ పచ్చగా. స్క్రీన్ మీది డ్రోన్ బొమ్మ సరిగ్గా గీత మీదే పోయింది. పావుగంటలో పని ముగించి డబ్బులు తీసుకుని వచ్చేశాను.

రెండు వారాలకి ఆ రైతు ఫోన్ చేశాడు. కోపంగా కూడా లేడు, "ఒకసారి వచ్చి చూడండి" అన్నాడంతే. వెళ్లి చూస్తే మడంతా శుభ్రంగా ఉంది, తూర్పు గట్టు వెంబడి మాత్రం రెండు మీటర్ల వెడల్పున ఊద నిలబడే ఉంది. గట్టు పొడవు నూట పది మీటర్లు ఉంటుంది, అంటే అయిదు సెంట్లు పైనే. కలుపు ఉన్న చోటికీ లేని చోటికీ మధ్య తాడు లాగి కోసినట్టు గీత. పడమటి గట్టు దాటి పక్క మడిలో చూస్తే అక్కడ రెండు మీటర్ల మేర ఊద చచ్చిపోయింది! గట్టు మీద పక్క మడి బాబాయ్ పెట్టుకున్న కంది మొక్కలు పసుపుబారి గిడసబారిపోయాయి. వరికి ఆ మందుతో ఇబ్బంది లేదు కానీ కంది తట్టుకోలేదు. "ఇంటికి పప్పు ఈ గట్టు మీదేరా మాకు" అన్నాడాయన. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మొదట గాలి అనుకున్నాను. గాలికి కొట్టుకుపోతే అంచు మసకగా ఉండాలి, అవతలికి పోయేకొద్దీ పలచబడాలి. ఇక్కడ అంచు రెండు వైపులా కత్తిరించినట్టుంది. మొత్తం రూటు ఉన్నదున్నట్టుగా రెండు మీటర్లు పడమటికి జరిగింది. స్క్రీన్ మాత్రం అంతా సవ్యంగా చూపించింది, ఎందుకంటే బొమ్మనీ గీతనీ రెంటినీ అదే జీపీఎస్ లెక్కతో గీస్తుంది. తనలో వచ్చిన తప్పు తనకే కనబడదు.

తర్వాత కూర్చుని చదివి, రోజూ కొలిచి తెలుసుకున్నది ఇది. మామూలు జీపీఎస్ తప్పు క్షణక్షణం అటూ ఇటూ ఊగదు, నెమ్మదిగా జరుగుతుంది. పావుగంట ఎగిరితే ఆ పావుగంటా దాదాపు ఒకే తప్పులో ఉంటుంది, అందుకే గీతలు తిన్నగా వస్తాయి. నిన్నటి తప్పూ ఇవాళ్టి తప్పూ మాత్రం ఒకటి కావు. శాటిలైట్ సిగ్నల్ కిందికి వచ్చే దారిలో అయనావరణం అనే విద్యుత్ కణాల పొర దాన్ని ఆలస్యం చేస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే రిసీవర్ ఆ ఆలస్యాన్ని ఒక నమూనాతో అంచనా వేసి సరిచేసుకుంటుంది, ఆ నమూనా సుమారు సగమే సరిచేయగలదు. భూమధ్యరేఖకు దగ్గరున్న మన ప్రాంతాల్లో ఈ ఆలస్యం ఎక్కువ, మధ్యాహ్నం రెండు మూడు గంటలకి బాగా పెరిగి తెల్లవారుజామున తగ్గుతుంది. నేను మూలలు గుర్తించింది మూడింటికి, కొట్టింది పొద్దున. దానికి తోడు గుర్తించింది రిమోట్ రిసీవర్‌తో, ఎగిరింది డ్రోన్ రిసీవర్‌తో. ఆ రోజు రెండు మీటర్లలో దేని వాటా ఎంతో చెప్పలేను, అన్నీ కలిశాయి.

నాకు అసలు కోపం అమ్మినతను చూపించిన కాగితం మీద. "అడ్డంగా 60 సెంటీమీటర్లు" అని ఉంది అందులో. అది గాల్లో నిలబెట్టినప్పుడు ఉన్న చోటు నుంచి ఎంత కదులుతుందన్న లెక్క. నిన్న గుర్తించిన గట్టు దగ్గరికి ఇవాళ ఎంత దగ్గరగా వస్తుందన్న లెక్క కాదు. మాకు కావాల్సింది రెండోది. అది కాగితంలో ఎక్కడా లేదు, ఆయనా చెప్పలేదు. శిక్షణలో రూల్స్ అన్నీ శ్రద్ధగా నేర్పారు, ఈ ఒక్క తేడా నేర్పి ఉంటే ఆ కంది బతికేది.

యాప్‌లో దీనికి మందు ఉందని నాలుగు నెలల తర్వాత తెలిసింది. కాలిబ్రేషన్ పాయింట్ అని ఉంటుంది. బౌండరీ గీసినప్పుడు ఒక స్థిరమైన గుర్తు దగ్గర డ్రోన్ పెట్టి నమోదు చేయాలి. మళ్లీ వచ్చినప్పుడు అదే గుర్తు మీద పెడితే ఇవాళ ఎంత తేడా ఉందో చూసి రూటంతటినీ అంత జరుపుతుంది. భూముల రీసర్వేలో పాతిన రాళ్లు ఇందుకు నాకు బాగా పనికొచ్చాయి. ఒక్కో రోజు మూడడుగులు, ఒక్కో రోజు ఆరడుగులు జరపాల్సి వచ్చింది. ఏడడుగులు దాటిన రోజు కూడా ఉంది, ఆ రోజూ శాటిలైట్లు పచ్చగానే ఉన్నాయి. ఆ పచ్చరంగు చూసి ధైర్యం తెచ్చుకోవడం అప్పుడే మానేశాను.

రెండో సర్వాకి ఆర్‌టీకే బేస్ స్టేషన్ కొన్నాను. చిన్న ఖర్చు కాదు. గట్టున స్టాండ్ మీద నిలబెడితే అది తప్పు ఎంతో లెక్కగట్టి డ్రోన్‌కి ఎప్పటికప్పుడు పంపుతుంది, తేడా సెంటీమీటర్లలోకి దిగుతుంది. మొదటి రోజు గట్టు మీద నిలబడి చూస్తే చివరి నాజిల్ గట్టు అంచు వెంట జానెడు తేడా లేకుండా పోయింది. చెప్పొద్దూ, కళ్లు చెమర్చాయి.

మర్నాడు అదే మడికి మళ్లీ మీటరు తేడా! స్క్రీన్ మీద ఫిక్స్ (సెంటీమీటర్ల లెక్క కుదిరిందని) అనే ఉంది, ఫ్లోట్ (ఇంకా పూర్తిగా కుదరలేదని) కూడా కాదు. రెండు రోజులు టెన్షన్ పడ్డాక అర్థమైంది. బేస్‌ని ఎక్కడ పెడితే అక్కడ అది తన చోటు తానే మామూలు జీపీఎస్‌తో సగటు తీసుకుని నిర్ణయించుకుంటుంది. ఆ సగటులో మీటరు తప్పుంటే డ్రోన్ ఆ తప్పునే సెంటీమీటరు నిక్కచ్చిగా పాటిస్తుంది. ఆర్‌టీకే చెప్పేది బేస్ నుంచి ఎంత దూరమని, భూమ్మీద ఎక్కడని కాదు. ఇప్పుడు పని ఎక్కువున్న ఊళ్లలో సిమెంటు దిమ్మలో ఇనుప మేకు పాతాను. ప్రతిసారీ బేస్ అక్కడే, మొదటి రోజు రాసుకున్న అంకెలే చేత్తో ఎక్కిస్తాను. అప్పటి నుంచి నిన్నటి బౌండరీ ఇవాళ కుదురుతోంది.

అయినా కాలవ గట్టున కొబ్బరి చెట్ల వరసకి దగ్గరైతే ఫిక్స్ పోయి ఫ్లోట్‌కి వస్తుంది, రేకుల షెడ్డు పక్కనా అంతే. సౌర తుఫాను వస్తే ఆర్‌టీకే కూడా తట్టుకోదు. 2024 మే 10న వచ్చినప్పుడు అమెరికాలో జీపీఎస్ ట్రాక్టర్లతో విత్తే రైతులు పని ఆపుకున్నారు. ఫిక్స్ లేకపోతే గట్టు నుంచి రెండున్నర మీటర్లు వదిలి మధ్యది ఆటోలో కొడతాను, అంచులు చేత్తో నడుపుతాను. టైమ్ పడుతుంది, పడనీ.

కొనమంటారా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది నా పొలాలను బట్టే. మావి ఎకరం, రెండెకరాల ముక్కలు, సన్నటి గట్లు, పక్కపక్కనే వేరే పైర్లు. ఇక్కడ కలుపు మందు కొట్టేవాళ్లు ఆర్‌టీకే లేకుండా ఆటోలో వదలొద్దు. పెద్ద కమతమంతా ఒకే పైరు ఉండి, పురుగు మందుకో ఆకుల మీద ఎరువుకో అయితే మామూలు జీపీఎస్ సరిపోవచ్చు, అంచుల్లో కాస్త వదిలేస్తే చాలు. నేనైతే ఈ డ్రోన్‌ని అమ్మను, ఎత్తు పట్టడంలో దీని మీద నమ్మకం కుదిరింది.

ఆ బాబాయ్‌కి ఆ ఏడు కందిపప్పు నేనే కొనిచ్చాను. ఈ సర్వాకి తన మడి కూడా కొట్టమన్నాడు. ఆయన గట్టు చివర మేకు పాతి వచ్చాను, కంది ఉన్న వైపు మాత్రం చేతి పంపుతోనే కొడతానని చెప్పాను.