క్రాస్నోగోర్స్క్-3 ఏళ్ళ తరబడి వాడాక: లెన్స్‌కి ఒక దండం, లోడింగ్‌కి రెండు దండాలు

ముందే చెప్పేస్తున్నా, ఈ కెమెరా కొనుక్కోండని కనబడ్డవాళ్ళందరికీ చెప్పను, అలాగని నాది అమ్మమంటే మాత్రం అమ్మను. క్రాస్నోగోర్స్క్-3, వాడేవాళ్ళు కే-3 అంటారు, 16 ఎంఎం ఫిల్మ్ కెమెరా, మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్‌లో జెనిత్ స్టిల్ కెమెరాలు చేసిన ఫ్యాక్టరీదే ఇదీను. బ్యాటరీతో పనిలేదు, కీ తిప్పి స్ప్రింగ్ బిగిస్తే నడుస్తుంది. తయారీ ఆగిపోయి 30 ఏళ్ళు దాటింది, అంటే ఇప్పుడు మీ చేతికొచ్చే ఏ పీసైనా సరే లోపల గ్రీజు గట్టిపడిపోయిన ముసలిదే, ఆ సంగతి మనసులో పెట్టుకునే బేరం ఆడాలి.

ఇన్నాళ్ళలో నాకు అర్థమైంది ఒక్కటే, కే-3తో ఏది చెడినా బటన్ నొక్కకముందే చెడుతుంది. లోడింగ్ సరిగ్గా పడిందా, గేటు (ఫిల్మ్ మీద వెలుతురు పడే కంత) శుభ్రంగా ఉందా, కన్ను పెట్టి చూసే ఐపీస్ మన కంటికి సెట్ చేశామా, ఈ మూడూ అయితే ఇక అది మొండిగా నడుస్తూనే ఉంటుంది, వానొచ్చినా దుమ్మొచ్చినా. ఈ మూడిట్లో ఏది వదిలేసినా వంద డాలర్లు పైన బూడిదలో పోసినట్టే, ఎందుకంటే ఇవాళ ఒక వంద అడుగుల రోలు, డెవలపింగ్, స్కాన్ అన్నీ కలిపితే నేనుండే అమెరికాలో అంతకు తక్కువ కావట్లేదు. ఆ వంద అడుగులకీ మనకొచ్చేది 4000 ఫ్రేములు, 24 స్పీడులో (అంటే సెకనుకి 24 ఫ్రేములు) రెండు నిమిషాల నలభై ఆరు సెకన్లు.

కొనేటప్పుడు చూడాల్సినవి. సీరియల్ నంబర్లో మొదటి రెండంకెలూ తయారైన సంవత్సరం, 85 అని ఉంటే 1985ది అన్నమాట. ముందొచ్చిన వాటికి లెన్స్ తిప్పి లాక్ చేసే బయొనెట్ మౌంట్, తర్వాతి వాటికి ఎం42 మర మౌంట్. దొరికితే ఎం42దే తీసుకోండి, పాత పెంటాక్స్, జెనిత్ స్టిల్ లెన్సులు పడతాయి, హీలియోస్ 58 ఎంఎం పెడితే 16 ఎంఎం మీద అది దూరాన్ని దగ్గర చేసే మంచి టెలీ లెన్స్ అయిపోతుంది, మొహాలకి భలే ఉంటుంది. అమ్మేవాళ్ళు "టెస్టెడ్" అని రాస్తే నమ్మకండి, దానర్థం స్ప్రింగ్ తిప్పితే చప్పుడొచ్చింది అని మాత్రమే. ఫిల్మ్ వేసి తీసిన ఫుటేజ్ ఉందా అని అడగండి, లేదంటే ధర తగ్గించమనండి, ఆ తగ్గిన డబ్బుతో ఎవరైనా తెలిసిన మెకానిక్ చేత ఓవర్‌హాల్ చేయించుకోండి.

ఇప్పుడు అసలు గొడవ, లోడింగ్. లోపల గేటుకి పైనొకటి కిందొకటి రెండు లూప్ ఫార్మర్లు (ఫిల్మ్ వదులుగా వంపు తిరిగేలా చేసే రేకులు) ఉంటాయి, ఫిల్మ్ దానంతటదే లూపు తిరిగి వెళ్ళిపోవడానికని రష్యావాళ్ళు పెట్టిన ఏర్పాటు. కాగితం మీద గొప్ప ఆలోచనే. కానీ ఫిల్మ్ ఎక్కాక ఆ రేకులు పూర్తిగా పక్కకి తప్పుకోవాలి, వయసైపోయిన కెమెరాల్లో అవి సగమే జరిగి ఫిల్మ్‌ని రాసుకుంటూ ఉంటాయి, ఇక రోలంతా నిలువు గీతలే. చాలామంది వాటిని విప్పి పక్కన పడేసి చేత్తోనే లూపు వేసుకుంటారు, నేనూ అదే చేశా, అప్పట్నుంచి నా ఫిల్మ్ మీద గీత పడలేదు. చేత్తో వేయడం మొదట్లో విసుగే, వారం రోజులు రాత్రిపూట టీవీ చూస్తూ పాత పనికిరాని ఫిల్మ్ ముక్కతో ఎక్కించి దించి ఎక్కించి దించి అలవాటు చేసుకుంటే తర్వాత వేళ్ళకే తెలిసిపోతుంది. ఆ పాత ముక్కని మాత్రం పారేయకండి, కెమెరా బయటికి తీసిన ప్రతిసారీ ముందు దాన్ని ఓ పది సెకన్లు నడిపించి, బయటికి తీసి లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి, గీతలుంటే అక్కడే కనిపిస్తాయి.

లూపు పెద్దదైతే బాడీకి తగిలి గీసుకుంటుంది, చిన్నదైతే బొమ్మ పైకీ కిందకీ ఎగురుతుంది. లోడ్ చేశాక మూత తెరిచే ఉంచి 24లో ఓ రెండు సెకన్లు నడిపించి లూపులు నిలబడ్డాయో లేదో కళ్ళారా చూసుకోవాలి, అందులో పోయే అడుగు ఫిల్మ్ గురించి పీనాసితనం వద్దు, వెలుతురులోనే ఎక్కించుకోగలిగే డేలైట్ స్పూల్‌లో పై చుట్లు ఎలాగూ వెలుతురు తగిలి పోయేవే. షూటింగ్ మధ్యలో లూపు పోతే చెవికి తెలుస్తుంది, మామూలు చప్పుడు కాస్తా సైకిలు చువ్వలకి అట్టముక్క కట్టి తొక్కినట్టు టపటపలాడుతుంది, వెంటనే ఆపేయాలి. లోడింగ్ ఎప్పుడూ నీడలోనే, ఎండలో తప్పదంటే మీ ఒంటి నీడలోనైనా సరే. మూత అంచుల చుట్టూ నల్ల టేపు వేయండి, నేను ప్రతి రోలుకీ వేస్తా. గేటుని మాత్రం లోహంతో ముట్టుకోవద్దు, బ్లోయర్‌తో ఊదండి, ఫిల్మ్ మీది ఎమల్షన్ పూత ముద్దగా అంటుకుంటే చెక్క పుల్లతో తీయండి. గేటులో ఒక్క వెంట్రుక ఉన్నా రోలు మొత్తం తెర అంచున అది పాములా ఆడుతూనే ఉంటుంది.

లెన్స్ సంగతికొస్తే, మెటియోర్ 5-1, 17 నుంచి 69 ఎంఎం జూమ్, ఎఫ్/1.9. ఈ ధరలో ఇలాంటి లెన్స్ ఇంకో దానికి రాదు. వ్యూఫైండర్ కూడా అద్దం షట్టర్‌తో పనిచేసే రిఫ్లెక్స్, అంటే లెన్స్‌లోంచే చూస్తాం. బోలెక్స్ అనే ఇంకో 16 ఎంఎం కెమెరా రిఫ్లెక్స్‌లో ప్రిజమ్ ఉంటుంది, ఫిల్మ్‌కి వెళ్ళే వెలుతురులో కొంత అది తినేస్తుంది, కే-3లో ఆ లెక్క చూసుకోవాల్సిన పని లేదు. కాకపోతే ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కంత) మూసేకొద్దీ వ్యూఫైండర్ చీకటైపోతుంది, అందుకని ముందు లెన్స్ పూర్తిగా తెరిచి, 69కి జూమ్ చేసి, ఫోకస్ పెట్టుకుని, అప్పుడు వెనక్కొచ్చి కావలసిన ఎఫ్ నంబర్‌కి మూయాలి. దీనికంటే ముందు ఐపీస్ డయాప్టర్. లెన్స్‌ని ఖాళీ ఆకాశం వైపు తిప్పి, గ్రౌండ్ గ్లాస్ మీద గరుకు స్పష్టంగా కనిపించేదాకా ఐపీస్ తిప్పండి. ఇది చెయ్యకుండా ఫోకస్ రావట్లేదు, లెన్స్ పాడైంది అని లెన్స్‌ని తిట్టేవాళ్ళు బోలెడుమంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళయితే పెట్టుకుని చూస్తారా తీసేసి చూస్తారా అన్నది ముందే తేల్చుకుని దానికే కట్టుబడి ఉండాలి.

లోపలున్న లైట్ మీటర్ని మర్చిపోండి, దాని మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు దొరకదు, బదులు ఏది పెట్టినా రీడింగ్ నమ్మబుద్ధి కాదు. విడి మీటర్ ఉంటే మంచిది, లేకపోతే ఫోన్లో యాప్ చాలు. షట్టర్ 150 డిగ్రీలు కాబట్టి 24 స్పీడుకి ఎక్స్‌పోజర్ సుమారు 1/60, 48లో పెడితే 1/115 దగ్గర పడుతుంది, ఒక స్టాప్ తెరవాలి, అంటే రెట్టింపు వెలుతురు రానివ్వాలి. కోడాక్ విజన్3 నెగెటివ్‌లో 50డి, 250డి, 200టి, 500టి దొరుకుతాయి (అంకె పెద్దదైతే తక్కువ వెలుతురు చాలు, డి పగటికి, టి బల్బు వెలుతురుకి). మన ఊళ్ళలో పట్టపగలు తీసేదుంటే 50డి కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు, ఎఫ్/16 దగ్గర కూర్చుంటుంది. 250డి పట్టుకెళితే ఎఫ్/22 కూడా చాలదు, వెలుతురు తగ్గించే ఎన్‌డి 0.9 ఫిల్టర్ పెట్టాల్సిందే. నెగెటివ్‌కి ఒక స్టాప్ ఎక్కువిచ్చినా నష్టం లేదు, తక్కువిస్తేనే నీడల్లో గ్రెయిన్ గుప్పుమంటుంది. ఎక్టాక్రోమ్ అలా కాదు, రివర్సల్ కదా, నెగెటివ్ కాకుండా నేరుగా బొమ్మే వచ్చే ఫిల్మ్, అర స్టాప్ తేడా వచ్చినా మొహం మాడ్చుకుంటుంది.

స్ప్రింగ్ నిండా తిప్పితే 24లో సుమారు 25 సెకన్లు నడుస్తుంది, 48లో అందులో సగం. ఇది మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది గానీ షాటు పది సెకన్లు దాటితే ఎడిటింగ్‌లో ఎలాగూ కోసేస్తాం. ఒకటే నియమం, ప్రతి షాటు అవ్వగానే మళ్ళీ నిండా తిప్పేయాలి, అవసరం వచ్చినప్పుడు తిప్పుదాంలే అనుకోకూడదు. దీని విలువ నాకు తెలిసింది కనుమ రోజు జగ్గన్నతోటలో. కోనసీమలో ప్రభల తీర్థం చూసినవాళ్ళకి తెలుసు, గంగలకుర్రు వాళ్ళ ప్రభలు కౌశిక దాటే ఘట్టం ఎంతోసేపు ఉండదు, వెదురుతో కట్టి అలంకరించిన అంత ఎత్తు దేవుడి ప్రభని భుజాల మీద మోస్తూ మనుషులు నీళ్ళలోకి దిగుతారు, ఒడ్డున జనం అరుపులు, మనల్ని ఎవడో తోస్తూనే ఉంటాడు. అక్కడ మీటర్ తీసి చూసే తీరిక ఉండదు. ఎఫ్/11, ఫోకస్ పదిహేను అడుగులకి, జూమ్ 17 మీద పెట్టేసి, ఫోకస్, జూమ్ ఇక ముట్టుకోలేదు. లెన్స్ వెడల్పు చివర అంత మూసి ఉంటే నాలుగైదు అడుగుల నుంచి దూరందాకా అంతా స్పష్టంగా వచ్చేస్తుంది. మొదటి ప్రభ నీళ్ళలోకి దిగుతుండగా 24లో ఒక షాటు, వెంటనే కీ తిప్పి, 48కి మార్చి ఎపర్చర్ ఒక స్టాప్ తెరిచి, నీళ్ళు చిమ్ముతున్న కాళ్ళు మాత్రమే ఒక షాటు. కెమెరా బరువు రెండు కిలోల పైమాటే, దాంతోపాటు వచ్చే పిస్టల్ గ్రిప్, భుజానికి ఆనించుకునే కడ్డీ చూడ్డానికి నవ్వొస్తాయి గానీ జనంలో అవే గతి. చేత్తో పట్టుకుని తీస్తూ జూమ్ చేయొద్దు, పాన్ కూడా మీరు అనుకున్న దానికి సగం వేగంతో తిప్పండి.

చప్పుడు మాత్రం బాగా చేస్తుంది, మాటలు రికార్డ్ చేసే షూటింగ్‌కి అసలు పనికిరాదు. నేను ఫోన్లో విడిగా డప్పులూ అరుపులూ రికార్డ్ చేసుకొచ్చి తర్వాత కింద పరుస్తా, లిప్ సింక్ అక్కర్లేని వాటికి అది చాలు.

ఎయిర్‌పోర్ట్. డెవలప్ చేయని ఫిల్మ్ చెక్-ఇన్ సూట్‌కేసులో ఎప్పుడూ పెట్టొద్దు, అక్కడి స్కానర్లు చాలా గట్టివి. చేతి సంచీలో పెట్టుకున్నా ఇప్పుడు చాలాచోట్ల సీటీ స్కానర్లు వచ్చాయి, అవీ ఫిల్మ్‌ని పాడుచేస్తాయి. డబ్బాలన్నీ ఒక పారదర్శకమైన కవర్లో వేసుకుని, మామూలుకన్నా గంట ముందే వెళ్ళి, చేత్తో చూడండి సార్ అని మర్యాదగా అడగాలి. ఒకచోట ఒప్పుకున్నారు, ఇంకోచోట డబ్బా తెరిచి చూపించమన్నారు, తెరిస్తే పోతుందని నచ్చచెప్పేసరికి బోర్డింగ్ మొదలైంది. లోకంలో ఇంకెవరూ 16 ఎంఎం ఫిల్మ్ మోసుకెళ్ళట్లేదనిపిస్తుంది వాళ్ళ మొహాలు చూస్తే.

ఈ నెగెటివ్‌ని మామూలు ఫోటో ల్యాబులో ఇవ్వకండి, వెనకాల రెమ్‌జెట్ అనే నల్లపొర ఉన్న స్టాకైతే వాళ్ళ కెమికల్స్ పాడు, మీ ఫిల్మూ పాడు. సినిమా నెగెటివ్ కడిగే ఈసీఎన్-2 పద్ధతి చేసే సినిమా ల్యాబ్‌కే వెళ్ళాలి. స్కాన్‌కి ఇచ్చేటప్పుడు 2కే ఫ్లాట్ (రంగులు దిద్దకుండా), ఓవర్‌స్కాన్ (ఫ్రేము అంచులతో సహా) అని రాసివ్వండి, రంగులు మనం తర్వాత చూసుకోవచ్చు. కెమెరా బీరువాలో పెట్టేముందు స్ప్రింగ్ పూర్తిగా వదిలేయండి, అయితే ఫిల్మ్ లేకుండా 48లో మాత్రం తిప్పొద్దు.

సూపర్ 16కి, అంటే ఇంకా వెడల్పు ఫ్రేముకి, గేటు వెడల్పు చేయించమని చాలామంది చెబుతారు. నేను చేయించలేదు, చేయించను కూడా, ఆ ఖర్చుకి రెండు మూడు రోళ్ళు వస్తాయి, పైగా ఆ వెడల్పుకి మెటియోర్ 17 దగ్గర మూలలు నల్లగా వస్తాయి, లెన్స్ సెంటర్ కూడా జరపాలి. ప్రభలాంటి నిలువు వస్తువులు తీసేవాడికి 4:3 ఫ్రేమే హాయి. లోడింగ్ తలనొప్పి అస్సలు వద్దనుకుంటే, సూపర్ 8 కార్ట్రిడ్జ్ కెమెరా చూసుకోండి, అందులో ఫిల్మ్ టక్కున పెట్టి మూత వేయడమే, బొమ్మ మాత్రం ఇంత నిలకడగా రాదు.